మెమరీ చాలదన్న కంప్యూటర్

నా కూతురు నా గొంతు మర్చిపోతుందేమోనని నాకు భయం. అన్నిటికంటే పెద్ద భయం ఇదే. జ్వరాలకి భయపడతాను, రోడ్డు దాటడానికి భయపడతాను, ఇంటి ఓనరు తలుపు తడితే భయపడతాను. "కొత్త భయం దొరక్కపోతే పాతదాన్ని దులిపి వేసుకుంటావు" అని మా ఆయన వెక్కిరిస్తాడు. ఇది మాత్రం వెక్కిరింతకి లొంగే భయం కాదు.

మా గువ్వకి నాలుగేళ్ళు. పుట్టుకతోనే చెవులు సరిగ్గా వినపడవు. రెండు చెవుల వెనకా జీడిపప్పు ఆకారంలో చిన్న మెషీన్లు తగిలిస్తే వింటుంది. అవి కొత్తవి కావు. ఎవరో పిల్లలు వాడి, పెద్దయ్యాక ఇచ్చేసినవి. వాటిని మాకు ఇప్పించింది చెవుల మాస్టారు. మా వీధి చివర, టైర్ల కొట్టు పైన, మేడమీది గదిలో పిల్లల చెవులు పరీక్ష చేసి మెషీన్లు సరిచేస్తారాయన. వేరే పేరుండే ఉంటుంది, మేమెవరం అడగలేదు.

ఈ మెషీన్లు కొని తగిలించుకుంటే పనిచేసేవి కావు. ఏ పిల్లకి ఏ శబ్దం ఎంత తక్కువ వినపడుతుందో చూసి, ఆ కొలతలన్నీ కంప్యూటర్లోంచి ఒక తీగ ద్వారా మెషీన్‌లోకి ఎక్కించాలి. ఎక్కించకపోతే చెవిలో కీచుమంటుంది, లేదా ఏమీ అనదు. గువ్వవి పాత మెషీన్లు కనక వాటికి కొలతలు ఎక్కించే కంప్యూటర్ కూడా పాతదే. అందులో ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకా పాతది. కొత్త కంప్యూటర్‌కి ఆ లావుపాటి తీగ దూర్చే చోటే ఉండదట. "ఇదొక్కటే మిగిలిందమ్మా. దీన్ని చేసినవాళ్ళు దుకాణం ఎత్తేశారు" అనేవారు మాస్టారు, దానిమీద గుడ్డ కప్పుతూ. పసిపిల్లకి దుప్పటి కప్పినట్టే కప్పేవారు.

వానాకాలం మొదట్లో గువ్వ తన రెండు మెషీన్లూ తీసి బొమ్మకి పెట్టి, బొమ్మకి స్నానం చేయించింది.

ఏడుస్తూ పరిగెత్తాను. వాటిని రిపేరుకి పంపాలన్నారు మాస్టారు. ఆ రోజు మాతో బావ కూడా వచ్చాడు. బావంటే మా అక్క మొగుడు, కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేస్తాడు. గువ్వ పాత కొలతలు ఒకసారి చూసి రాసుకుందామని మాస్టారు ఆ కంప్యూటర్ స్విచ్ వేశారు. అది తెరుచుకునేలోపు బావ కిందకెళ్ళి టీ తాగొచ్చాడు. ఇంకా తెరుచుకుంటూనే ఉంది.

"మాస్టారూ, దీనిది ముసలితనం కాదు, ఆకలి" అన్నాడు బావ. "ఇందులో మెమరీ మరీ తక్కువ. మా షాపులో ఇదే రకం ర్యామ్‌లు డబ్బాలో పడున్నాయి. తెచ్చి పెడతాను. ఏమీ ఇవ్వక్కర్లేదు, మా గువ్వ పేరు చెప్పుకుని ఉంచుకోండి."

"ఇన్నాళ్ళూ దీన్ని ఎవరి చేతా ముట్టించలేదు బాబూ" అన్నారు మాస్టారు.

"నేను ఎవరో ఏమిటి? డాక్టరు దగ్గర సిగ్గుపడితే ఎలా?"

మర్నాడు తెచ్చి పెట్టాడు. దువ్వెనంత పొడుగున్న ఆకుపచ్చ పలక, అంచున బంగారు రంగు పళ్ళు. మాస్టారి పాత పలక పక్కనే దీన్ని నొక్కాడు. స్విచ్ వేయగానే నల్లటి తెర మీద మెమరీ ఎంతుందో అంకెలు గిర్రున పెరుగుతాయి. నేను బడి మానేసింది ఎనిమిదిలో, అంకెలైతే బాగానే చదువుతాను. నిన్న ఆగిన చోట ఆగకుండా అవి ఇంకా ఇంకా పైకి పోయాయి. బావ నావైపు చూసి కనుబొమలెగరేశాడు. మాస్టారు మాత్రం ఇంట్లోకి వచ్చిన కొత్తమనిషిని చూసినట్టు చూశారు. తనకి తలనొప్పిగా ఉందని ఆ రోజు గది తొందరగా మూసేశారు. కొలతలు ఎక్కించే ప్రోగ్రాం తెరిచి చూడనేలేదు.

గువ్వ మెషీన్లు రిపేరు నుంచి వచ్చేదాకా ఇల్లంతా మూగబోయింది. మొదట్లో "అమ్మా" అని నిండుగా పిలిచేది. తర్వాత "అమ్" అని పెదాలు మూసి ఊరుకునేది. ఆ తర్వాత పిలవడం మానేసి వచ్చి చెయ్యి లాగేది. నేను ఇంట్లో కూచుని దిండు గలీబులు కుడతాను. కుట్టుమిషన్ చప్పుడుకి వచ్చి నా ఒళ్ళో వాలే పిల్ల, ఇప్పుడు మిషన్ కాలు మీద అరచెయ్యి ఆనించి అది అదురుతుంటే చూస్తూ నిలబడేది.

ఒకరోజు వెనక నిలబడి గిన్నె మూత కింద పడేశాను. తిరిగి చూసింది. ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే అనుమానం. వినపడి తిరిగిందా, నేల అదిరి తిరిగిందా? మంచం మీద పరుపు పైన నిలబెట్టి మళ్ళీ పడేశాను. తిరగలేదు. మా ఆయన అది చూసి, "పిల్లకి పరీక్షలు పెట్టడం మానెయ్" అని మూత తీసి అటక మీద పెట్టాడు.

మెషీన్లు వచ్చాయి. ఖాళీగా వచ్చాయి, లోపల ముక్క మార్చారట. ఇక కొలతలు ఎక్కించడమే తరువాయి. మాస్టారు గువ్వని కుర్చీలో కూచోబెట్టి తీగ తగిలించారు. కంప్యూటర్ తెరుచుకుంది. ప్రోగ్రాం మీద నొక్కారు. తెల్లటి డబ్బా ఒకటి తెరమీదికి ఊడిపడింది, అందులో ఇంగ్లీషులో ఒక వాక్యం.

"ఏమంటుంది మాస్టారూ?"

"మెమరీ చాలడం లేదంటుంది."

"మొన్నే కదా మా బావ పెట్టాడు!"

"అదే చూస్తున్నానమ్మా. రేపు రా."

రేపు వెళ్ళాను. మెమరీ చాలడం లేదు. ఎల్లుండి వెళ్ళాను. మెమరీ చాలడం లేదు. అక్కడ గోడవారగా బెంచీ మీద నాలాగే ఇంకో ఆమె ఉండేది. అపార్టుమెంట్లలో మెట్లు తుడుస్తుంది. ఆమె కూతురికీ ఇవే పాత మెషీన్లు, పిల్ల ఎదిగింది కనక కొలతలు మార్చాలి. ఆ పాపకి ముందుపళ్ళ మధ్య సందు, నవ్వితే ఎంత బాగుంటుందో. మెషీన్లు జారి పడకుండా నేనే నీలం దారం పేని ఆ పాప గౌను కాలరుకి కట్టిచ్చాను, గువ్వకి కట్టినట్టే.

"ఈయన కంప్యూటర్ పాడవలేదు. పాడైందంటున్నాడు" అంది మెట్లామె నాతో మెల్లగా.

"అలా ఎందుకంటాడు?"

"చూడు మరి."

చూశాను. తోలుసంచీ వేసుకున్న ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. మాస్టారి బల్ల మీద నగల పెట్టెల్లాంటి చిన్న పెట్టెలు పేర్చాడు. ఒకటి తెరిచి కొత్త మెషీన్ చూపించాడు, గోరంత ఉంది. మాస్టారు నావైపు ఒకసారి, మెట్లామె వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు. చెవుల గదిలో గొంతు తగ్గించి మాట్లాడేవాణ్ణి ఎలా నమ్మను? సంచీ ఆయన వెళ్ళాక మాస్టారు మా దగ్గరికొచ్చి, "పాతవాటిని నమ్ముకుని ఎన్నాళ్ళు? కొత్తవాటి సంగతి ఆలోచించండమ్మా" అన్నారు. మెట్లామె నా మోచేతిని పొడిచింది. నేను తల ఊపాను, ఆమె వైపే.

ఆ కొత్తవి మేము కొనగలిగేవి కావు. ఇంట్లో కుట్టుమిషన్‌తో సహా అన్నీ అమ్మినా ఒక చెవికే వస్తుంది.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళి బావని నిలబెట్టి అడిగాను.

"ఏం పెట్టావు బావా అందులో? పనికిరానిదేమైనా అంటగట్టావా?"

"ఓసి నీ అనుమానం తగలెయ్య! నేను పెట్టింది బ్రహ్మాండంగా ఉంది. నల్లతెర మీద అంకెలు చూశావుగా? అవి అబద్ధం చెప్పవు."

"మరి తెల్లడబ్బా అబద్ధం చెబుతుందా?"

బావ బుర్ర గోక్కున్నాడు. "తెల్లడబ్బా ఎవరైనా రాయించొచ్చు మరదలా. అంకెలు మాత్రం ఎవరూ రాయించలేరు."

అక్క వంటగదిలోంచే అందుకుంది. "ఆ మాస్టారు నాలుగు డబ్బులకి ఆశపడితే మధ్యలో మా ఆయన్ని అంటావేం?"

రాత్రంతా బుర్రలో అదే తిప్పుకున్నాను. మెమరీ ఉందని కంప్యూటర్ ఒక నోటితో అంటోంది, లేదని ఇంకో నోటితో అంటోంది. బావ దొంగో, మాస్టారు దొంగో, లేకపోతే ఇద్దరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేస్తున్నారో. పక్కన గువ్వ నిద్రపోతోంది. చెవి దగ్గర నోరు పెట్టి పేరు పెట్టి పిలిచాను. ఊపిరి తగిలి చెవి రుద్దుకుందే కానీ కళ్ళు తెరవలేదు.

బావ పౌరుషంగా మళ్ళీ వచ్చాడు. ఈసారి ఇంకో పెద్ద పలక తెచ్చి మూడో సందులో నొక్కాడు. "ఇప్పుడు చాలదంటే నా పేరు మార్చుకుంటా" అన్నాడు. అంకెలు ఆగకుండా పెరుగుతూ పోయాయి. మెట్లామె కూడా లేచి వచ్చి చూసింది. అంకెలు ఆగాయి. తర్వాత ఇదివరకు కనీసం తెరుచుకునే కంప్యూటర్, ఇప్పుడు సగంలోనే నిలబడిపోయి, మెమరీ చాలదని చెప్పి మాట్లాడ్డం మానేసింది.

"ఇంతకుముందు గుమ్మం దాకా వచ్చేది. ఇప్పుడు మంచం దిగనంటోంది" అంది మెట్లామె.

బావ ముఖం ఎర్రబడింది. "మాస్టారూ, మీరు లోపల ఏమైనా కదిపారా?"

"నేనా? మూత తీసింది ఎవరు?" మాస్టారు కంప్యూటర్‌కి అడ్డంగా నిలబడ్డారు. "నీ పనికిమాలిన సరుకు పెట్టి నా దాన్ని తినేశావు!"

"ఇంత మెమరీ పెట్టినా చాలదని కంప్యూటర్ చేత పలికించడం నాకు రాదు. కొత్త మెషీన్లు అమ్ముకునేవాళ్ళకి వస్తుందేమో!"

మాట అనేసి మెట్లు దిగిపోయాడు. మెట్లామె తన కూతురి చెవులనుంచి మెషీన్లు తీసి, నీలం దారాలు తెంపి సంచిలో వేసుకుంది. "తెలిసిపోయిందిగా. ఇంక ఇవి డబ్బాలో పెట్టేస్తా. పిల్ల ఎలా ఉంటే అలాగే ఉంటుంది" అంది నాతో. ఆగమని అనలేదు నేను. పాప మెట్లు దిగుతూ రెయిలింగు మీద అరచేత్తో కొట్టుకుంటూ వెళ్ళింది, అదురు కోసం.

రెండ్రోజులు ఇంట్లో కూచున్నాను. గలీబులకి అంచులు తిరగేసి కుట్టాను. మూడోరోజు గువ్వ పాలగ్లాసు కావాలని వేలితో చూపించింది. "పాలు అను తల్లీ" అన్నాను, నా నోరు చూపిస్తూ. నా పెదాలు చూసి తన పెదాలు కదిపింది. శబ్దం రాలేదు. శబ్దం కూడా ఉండాలన్న సంగతే మర్చిపోయింది.

గ్లాసు అక్కడే వదిలి, పిల్లని చంకనేసుకుని, మేడెక్కాను. మాస్టారు ఒక్కరే ఉన్నారు. కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంది.

"ఒక్క మాట అడుగుతాను. నిజం చెప్పండి. అది చెడిపోయిందా, చెడగొట్టారా?"

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. కంప్యూటర్ మీద చెయ్యి వేశారాయన. "చెడగొట్టానా? ఈ ఊళ్ళో పాత మెషీన్లు పెట్టుకున్న పిల్లలందరూ దీనిమీదే బతుకుతున్నారు. ఆ సంచీ ఆయన్ని రమ్మన్నది ఎందుకో తెలుసా? ఇద్దరు పిల్లలకి సగం ధరకి ఇస్తావా అని బతిమాలడానికి. ఇవ్వనన్నాడు."

నమ్మాలో లేదో తెలియలేదు. అందరూ చెప్పేటప్పుడు ఇలాగే చెబుతారు. నా ముఖంలో అది కనపడినట్టుంది. ఆయన గుడ్డ లాగేశారు, మూత పక్కకి తోశారు. బావ పెట్టిన పలకలు రెండూ పీకి నా చేతిలో పెట్టారు.

"ఇవిగో మీ సొత్తు. ఏవీ దాచుకోలేదు. ఇప్పుడు స్విచ్ వేస్తాను. చాలదంటున్న దాంట్లోంచి ఇంకా తీసేశాం కదా, అదెలా చస్తుందో నీ కళ్ళతో చూడు. చూసి వెళ్ళి మీ బావకి చెప్పు."

స్విచ్ వేశారు. నల్లతెర మీద అంకెలు కొంచెం పెరిగి, ముసలాయన మెట్లు ఎక్కలేక ఆగినట్టు, తొందరగానే ఆగాయి. తెర చీకటిగా ఉండిపోయింది. మాస్టారు చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నారు, తెర వైపు చూడటం లేదు. నేను తెర వైపే చూస్తున్నాను, ఆయన్ని నమ్మక.

అది తెరుచుకుంది. ఎప్పటిలాగే, ఓపిగ్గా, బొమ్మ తర్వాత బొమ్మ.

"మాస్టారూ" అన్నాను.

వెనక్కి తిరిగారు. దగ్గరికెళ్ళారు. ప్రోగ్రాం మీద నొక్కడానికి చెయ్యి ఎత్తి, ఆపి, మళ్ళీ నొక్కారు. తెల్లడబ్బా రాలేదు. చెవి బొమ్మ వచ్చింది, దాని కింద కొలతల గీతలు వచ్చాయి.

"ఏం చేశావమ్మా నువ్వు?"

"నేనేం చేశాను? తీసింది మీరే!"

"నేనూ ఏం చెయ్యలేదు. తీశానంతే."

ఇద్దరం నా చేతిలో ఉన్న పలకల వైపు చూశాం. బల్లమీద పెడితే మళ్ళీ పాడవుతుందేమోనని నేను వాటిని సంచిలో వేసి గది బయట మెట్లమీద పెట్టొచ్చాను. మాస్టారు వద్దనలేదు.

గువ్వ చెవి మెషీన్లకి తీగ తగిలించి కొలతలు ఎక్కించారు. ఎక్కుతున్నంతసేపూ తెరమీద ఒక గీత నింపాదిగా నిండుతుంది. అది సగంలో ఆగినట్టనిపించిన ప్రతిసారీ గువ్వ కుర్చీ పట్టుకున్నాను. నిండింది. తీగ తీశారు. గువ్వ తలెత్తి పైకి చూసింది. అక్కడ ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. ఎన్నాళ్ళనుంచో ఆ గదికి వస్తున్నా, ఆ ఫ్యానుకి చప్పుడుందని నేను గమనించనే లేదు.

వెనక్కెళ్ళి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "గువ్వా" అన్నాను. తిరిగింది. తెరలో నా నీడ చూసి తిరిగిందేమో. తలుపు చాటుకి వెళ్ళి మళ్ళీ పిలిచాను. మళ్ళీ పిలిచాను.

"ఏంటీ!" అని విసుక్కుంది.

అంత తియ్యటి విసుగు నేనెప్పుడూ వినలేదు. మాస్టారు గోడవైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

బావ నమ్మలేదు. తన షాపులో అందరికంటే పాతకాలం మనిషిని అడిగి వచ్చి, తలదించుకుని చెప్పాడు. ఆ ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసినప్పుడు ఇళ్ళలో కంప్యూటర్లకి ఇంత మెమరీ వస్తుందని ఎవరూ అనుకోలేదట. లేవగానే అది మెమరీ ఎంతుందో చూసుకుని, దాన్నిబట్టి తన సొంత సామానుకి ఒక పట్టికలో గడులు గీసుకుంటుందట. కొంచెం ఉంటే కొన్నే గీసుకుంటుంది. ఎక్కువుంటే ఎక్కువ గీసుకుంటుంది. పట్టిక మాత్రం పెరగదు. గడులన్నీ తన సామానుకే పోయాక వేరే ప్రోగ్రాంకి ఒక్క గడి కూడా మిగలదు. అప్పుడు మెమరీ చాలదంటుంది.

"అంటే పెద్ద ఇల్లిస్తే ఇల్లంతా సామాను నింపుకుని, కూచోడానికి చోటు లేదనే మనిషి లాంటిదన్నమాట" అన్నాను.

"అచ్చం మీ అక్క" అన్నాడు బావ, అటూ ఇటూ చూసి.

"మరి ఎక్కువైందని ఎందుకు చెప్పదు? చాలదని ఎందుకంటుంది?"

"ఎక్కువైందని అనడం దానికి నేర్పలేదు మరదలా. అలాంటి రోజొస్తుందని వాళ్ళకే తెలీదు."

బావ వెళ్ళి మాస్టారికి క్షమాపణ చెప్పాడు. ఆయన టీ తెప్పించారు కానీ కంప్యూటర్ దగ్గరికి మాత్రం రానివ్వలేదు. నాకూ ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు. గువ్వ కొలతలు మార్చడానికి వెళ్ళినప్పుడల్లా నల్లతెర దగ్గర నిలబడి అంకెలు చూస్తాను. అవి తొందరగా ఆగితేనే కుర్చీలో కూచుంటాను.

ఇదంతా రాసింది మెట్లామె కోసం. ఆమె ఫోను మోగడం లేదు. ఆమె ఉన్న గదికి వెళ్తే వేరేవాళ్ళున్నారు, పని దొరికిన చోటికి మారిపోయిందన్నారు. కంప్యూటర్ బాగైన సంగతి ఆమెకి తెలీదు. ఆ పాప మెషీన్లు ఏ డబ్బాలోనో ఉన్నాయి, చెడిపోకుండా, ఊరికే.

మీ అపార్టుమెంట్లో మెట్లు తుడవడానికి కొత్తగా ఒకామె వస్తోందా? వెంట ఐదారేళ్ళ పాప ఉంటుంది, ముందుపళ్ళ మధ్య సందు. రెయిలింగు మీద అరచెయ్యి ఆనించి నడుస్తుంది. కాలరుకి నీలం దారం ముక్క ఇంకా వేలాడుతుండొచ్చు. వెనకనుంచి పిలిస్తే తిరగదు, ఎదురుగా వెళ్ళండి. వాళ్ళమ్మ నమ్మదు, మీరేదో అమ్మడానికి వచ్చారనుకుంటుంది. అయినా చెప్పండి, ఏమీ కొననక్కర్లేదని, అవే పాతవి డబ్బాలోంచి తీసుకుని టైర్ల కొట్టు మేడ మీదికి రమ్మని. ఈరోజే ఒకసారి మీ మెట్ల దగ్గరికెళ్ళి ఆ పిల్ల ఉందేమో చూడండి.